ఎడమకు తిరిగిన మడత

యాకూబు మోటరు గది ముందు బోర్లా పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. ఒకటే దెబ్బ. పక్కన మిలిట్రీ క్యాంటీను రమ్ము సీసా, సగం ఖాళీ. కాగితంలో బటానీలు. రెండు స్టీలు గ్లాసులు, అందులో ఒకటి మట్టితో తోమి బోర్లించి ఉంది. చంపినవాడు ముందు కూర్చున్నాడు. తాగాడు. ముచ్చట పెట్టాడు. ఆ తర్వాత లేచి వెనక్కి పోయాడు. పని అయిపోయాక తన గ్లాసు తోముకున్నాడు.

హెడ్ కానిస్టేబుల్ సిద్ధిరాములుకు ఇదంతా మునుపు చూసినట్టే ఉంది. చూసిందే. పద్దెనిమిది రోజుల కింద ఇదే జాగలో, ఇదే తీరున స్వామిదాసు పడి ఉన్నాడు. ఆ రోజూ ఇట్లాగే పొద్దున ఆరింటికి మోటరు వేయడానికి వచ్చినవాళ్లే చూశారు. ఆ రోజు ఏడ్చుకుంటూ ఠాణాకు ఫోన్ చేసింది ఈ యాకూబే.

స్వామిదాసు, యాకూబు, ఎంకయ్య. ముగ్గురూ ఎర్రమడుగు ఊరివాళ్లే, ముగ్గురూ మిలిట్రీలో చేసి వచ్చినవాళ్లే. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే రోడ్డు పక్కన గుట్ట కింద సర్కారు వాళ్లకు పక్కపక్కనే భూమి ఇచ్చింది. భూమి అన్నది కాగితం మీద మాట. ఉన్నవి రాళ్లు. ఏటా ఆగస్టు పదిహేనుకు బడిలో ఈ ముగ్గురి మెడలో దండలు వేస్తారు. పదహారున ఇదే ముగ్గురు పట్టా కోసం ఆఫీసు మెట్ల మీద కూర్చుంటే లేవమనేవాడే కానీ లోపలికి రమ్మనేవాడు లేడు. దేశాన్ని కాసినవాడికి మనం ఇచ్చే ఇజ్జత్ అంతే. వాళ్లు ఎవరినీ అడుక్కోలేదు. ఏళ్లకేళ్లు రాళ్లు ఏరారు, బోరు వేశారు. మోటరు ఒక్కటి, వంతులు మూడు. ఇప్పుడు రోడ్డు వెడల్పయింది, వెంచర్లవాళ్ల కళ్లు గుట్ట మీద పడ్డాయి. అమ్మమని తిరిగిన ప్రతివాడికీ ముగ్గురిదీ ఒకటే జవాబు. ఇయ్యం.

ముగ్గురిలో ఇద్దరు పోయారు.

సీఐ సారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని గ్లాసుల వైపు చూశాడు. "మిలిట్రీ రమ్ము మిలిట్రీవాడు ఎవనితోని తాగుతడయ్యా? ఇంకో మిలిట్రీవానితోనే. మిగిలింది ఒక్కడు. గా ఎంకయ్యను చూడు."

సిద్ధిరాములు గట్టు పక్కన గడ్డిలో వంగి చూశాడు. కాల్చని బీడీలు రెండు, చొక్కా జేబులోంచి జారినట్టున్నాయి. కంపెనీ లేబులు లేదు. స్వామిదాసు దగ్గర దొరికిందీ ఇట్లాంటి లేబులు లేని బీడీయే. రెండింటిలో ఒకటి సంచిలో వేసి రాయించాడు. రెండోది అగ్గిపెట్టెలో పెట్టుకొని జేబులో వేసుకున్నాడు. అది రూలు కాదని అతనికీ తెలుసు. రూలు ప్రకారం పోతే ఆ బీడీ ల్యాబుకు పోయి అక్కడే ముసలిదవుతుంది.

ఇంటికొచ్చేసరికి భార్య భూమక్క చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. ముప్పై ఏళ్ల నుంచి ఆ ఒడి ఖాళీగా ఉండగా అతను చూసింది తక్కువ.

"గిది ఎవ్వలు చుట్టిన్రో చెప్తవా?" అని అగ్గిపెట్టె తెరిచాడు.

భూమక్క బీడీని చేతిలోకి తీసుకోనేలేదు. మెడ వంచి చూసింది. "విమలక్క."

"చూడకుంటనే చెప్పవడ్తివి."

"చూసిన గద. మూతి చూడు. మేమందరం కుడికి మడుస్తం. ఆమెది ఎడమచెయ్యి, మడతలు ఎడమకు తిరుగుతయి. ఆఖరి మడత గోరుతోని లోపటికి నొక్కుతది. గిట్ల మడిచేటోళ్లు ఈ దిక్కు ఇంకెవ్వలు లేరు. కార్ఖానాల ఎవ్వలనన్న అడుగు."

"లేబులు లేదేంది?"

"ఆకు చినిగినయి, సన్నగైనయి కార్ఖానావాడు పక్కకు పారేస్తడు. అవి ఇంటోడు తాగుతడు. నువ్వు ఇన్నేండ్ల సంది ఏం తాగుతున్నవనుకున్నవ్? నా ఖరాబు బీడీలే గద." నవ్వింది. నవ్వు మధ్యలో ఆగింది. "గిది యాడ దొరికింది నీకు?"

చెప్పాడు.

విమలమ్మ మిలిట్రీ ఎంకయ్య భార్య. భూమక్క చాట కింద పెట్టింది. "నేను జెప్పిన్నని ఆమెతోని అనకు," అంది.

ఎంకయ్య ఇంటికి సిద్ధిరాములు ఒక్కడే పోయాడు. జీపు పోతే ఊరంతా ముందే తీర్పు చెప్పేస్తుంది. ఎంకయ్య వాకిట్లో పెద్ద గంజు బోర్లించి బూడిదతో తోముతున్నాడు. మిలిట్రీ నుంచి వచ్చాక ఊళ్లో ఏ పెళ్లయినా వంట అతనిదే. విమలమ్మ అరుగు మీద నల్లద్దాలు పెట్టుకొని కూర్చుంది. అద్దాలు సిద్ధిరాములు కంటికి కనపడ్డాయి, బుర్రకు అందలేదు. ముప్పై ఏళ్లు పోలీసు పని చేసినవాడు చేసిన మొదటి తప్పు అది.

"ఎవ్వలు?" అంది విమలమ్మ, ఎదురుగానే నిలబడ్డ మనిషి ఎవరో పోల్చుకోలేక.

"నేనే అక్కా, సిద్ధిరాములును."

"భూమక్క మంచిగున్నదా? ఛాయ్ పెట్టిస్త కూసో. మా ఇంట్ల ఛాయ్ మొగోడే పెడ్తడు, భయపడకు."

ఎంకయ్య చేతులు కడుక్కొని వచ్చాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. యాకూబును పూడ్చి వచ్చి ఒక రోజే అయింది. సిద్ధిరాములు రెండో తప్పు అప్పుడు చేశాడు. అగ్గిపెట్టె తెరిచి బీడీని ఎంకయ్య అరచేతిలో పెట్టాడు.

"ఎంకన్నా, గిది యాకూబు పక్కన దొరికింది. స్వామిదాసు తాన గూడ గిసోంటిదే."

ఎంకయ్య దాన్ని తిప్పాడు. మూతి చూశాడు. మళ్లీ తిప్పి దారం చూశాడు. దారం వైపు చాలాసేపు చూశాడు. ఆ తర్వాత మెల్లగా బీడీని తిరిగి అగ్గిపెట్టెలో పెట్టి మూశాడు.

"ఏందయ్యా అది?" అంది విమలమ్మ.

"బీడీ."

"ఎవ్వలు చుట్టింది?"

"నువ్వే."

"నేనా? నేను చాట ముట్టక..."

"ఊకో నువ్వు." ఎంకయ్య గొంతు ఎప్పుడూ పెద్దది కాదు, అప్పుడూ కాలేదు. చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. "పా తమ్మీ."

"యాడికి?"

"ఠాణాకు. ఇద్దర్నీ కొట్టింది నేనే."

మూడో రోజు ఎంకయ్య ముఖానికి నల్ల ముసుగేసి కెమెరాల ముందు నిలబెట్టారు. ముసుగు కింద నుంచి తెల్ల గడ్డం కనపడుతూనే ఉంది. మోటరు వంతు దగ్గర తగాదా అన్నారు. అక్కడ దొరికిన బీడీల మడత అతని భార్యదేనన్నారు. కొట్టిన గడ్డపారను కాలువలో పారేశాడన్నారు. కాలువలో రెండు రోజులు వెతికినా దొరకలేదన్న మాట ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. "వెనక నుంచి ఒకటే దెబ్బ. సైన్యంలో నేర్చిన దెబ్బ," అన్నాడు సీఐ సారు. మర్నాడు పేపర్లలో అదే అచ్చు. పోయినేడు దండ వేసిన చేతులే ఆ పేపరు పట్టుకొని హోటల్లో చదివి "మిలిట్రీవాళ్లకు రక్తం అలవాటు" అన్నాయి.

సిద్ధిరాములు కాగితాలు రాస్తూ ఎంకయ్య డిశ్చార్జి బుక్కు తెరిచాడు. పదిహేడేళ్ల నౌకరీ. ట్రేడ్ అన్నచోట కుక్ అని ఉంది. పదిహేడేళ్లు ఆ మనిషి మంచులో, ఎడారిలో, ఎక్కడ పడితే అక్కడ రొట్టెలు కాల్చాడు. సైన్యంలో నేర్చిన దెబ్బ పిండి మీద వేసిందే.

ఆ సాయంత్రం భూమక్క కొత్త దారం ఉండ విప్పుతూ విప్పుతూ ఆగిపోయింది. "నీ అగ్గిపెట్టె ఇటు తే."

తెచ్చాడు. ఈసారి ఆమె బీడీని చేతిలోకి తీసుకుంది. ముఖం పాలిపోయింది.

"దారం పచ్చగున్నది."

"అయితే?"

"కార్ఖానాల డిసెంబరు దాకా ఎర్రదారం ఇచ్చిన్రు. జనవరి సంది పచ్చది. నేను మూతే చూసిన గని దారం చూడలే." నోటి మీద చేయి పెట్టుకుంది. "విమలక్క దసరా సంది చాట ముట్టలేదు. రెండు కండ్లు ఆపరేషన్ చేపిచ్చుకున్నది. ఉన్న చూపు గూడ మసకైంది. పచ్చదారం ఆమె చేతికే రాలే."

సిద్ధిరాములుకు నల్లద్దాలు ఇప్పుడు బుర్రకు అందాయి. నేను చాట ముట్టక, అన్న మాట అందింది. దారం మీద ఆగిపోయిన ఎంకయ్య చూపు అందింది.

"ఎడమకు మడిచేటోళ్లు ఇంకెవ్వలు లేరంటివి గద."

"ఈ దిక్కు లేరన్న." భూమక్క గొంతు తగ్గింది. "చిన్నప్పుడు తల్లి పక్కపొంటి కూసోని నేర్చుకున్నది. దానిది కుడిచెయ్యే. మడత మాత్రం తల్లి తిప్పినట్టే తిప్పుతది. కామారెడ్డిల మా కంపెనీకే చుడ్తది. అనిల."

అనిల ఎంకయ్యకు ఒక్కతే బిడ్డ. ఆమె మొగుడు భీమేష్ కామారెడ్డిలో ప్లాట్లు అమ్మిపెడతాడు. మన దిక్కున ఒకరి ఇంటి అల్లుడు ఊరందరికీ అల్లుడే. స్వామిదాసుకు అల్లుడు, యాకూబుకు అల్లుడు. అల్లుడు వచ్చాడంటే దాచుకున్న సీసా బయటికి తీస్తారు, రెండో గ్లాసు కడుగుతారు, బటానీలు తెప్పిస్తారు. అల్లుడు లేచి వెనక్కి పోతే ఎవడు తల తిప్పి చూస్తాడు?

ఆ బీడీని చూడగానే ఎంకయ్యకు తెలిసింది. తెలిసేలా చేసింది సిద్ధిరాములే. తానే ఇంటికి పోయి, ఆ బిడ్డ మొగుణ్ని ఉరికి వేలాడదీసే సాక్ష్యాన్ని ఆ తండ్రి చేతిలోనే పెట్టాడు.

పొద్దున భీమేష్ ఫోన్ లెక్కలు తీయించి సీఐ సారుకు చెప్పాడు. సారు సాంతం విన్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. కేసు పని అయిపోయిందనుకున్న మనిషి.

"భీమేష్ ఫోన్ ఆ రెండు రోజులు యాడున్నది?"

"కామారెడ్డిల ఇంట్లనే ఉన్నది సార్. ఫోన్ ఇంట్ల పెట్టి పోయిండు."

"పోంగ నువ్వు చూసినవా? ఇంకెవరన్న చూసిన్రా?"

"లేదు సార్. బీడీ మడత..."

"మడత అని కోర్టుల జెప్తే నవ్వుతరయ్యా."

"ఎంకయ్యను తోలుకొచ్చింది ఆ మడత మీదనే గద సార్."

"ఎంకయ్య ఒప్పుకున్నడు. బీడీ ఒప్పుకుంటదా?" సారు ఫైలు మూశాడు. "ఒక పని చెయ్. ఎంకయ్యతోని మాట మార్పియ్యి. మారిస్తే నేను మళ్ల తెరుస్త. నీకు మాటిస్తున్న."

ఆ ఒక్క మాట పట్టుకొని సిద్ధిరాములు కోర్టు వరండాలోకి పోయాడు. వాయిదాకు తెచ్చిన ఎంకయ్య గోడకానుకొని కూర్చున్నాడు. చేతికి బేడీ, ఆ బేడీ కొస ఒక కానిస్టేబుల్ చేతిలో. ఛాయ్ తాగి రమ్మని అతన్ని పంపి సిద్ధిరాములు కొస తాను పట్టుకున్నాడు.

"ఎంకన్నా, పచ్చదారం."

ఎంకయ్య నవ్వాడు. "భూమక్క చెప్పిందా? ఆడోళ్లను ఠాణాల పెట్టుకోవాలె, మీ అందర్ని ఇంట్ల కూసోవెట్టాలె."

"నువ్వు మాట మార్సు. సారు మళ్ల తెరుస్తనన్నడు."

"తెరిచి?"

"భీమేష్‌ను పట్టుకస్తం."

"పట్టుకొచ్చి? బీడీ ఎవ్వల చెయ్యో చెప్పనీకె ఎవ్వలను పిలుస్తవ్? నా బిడ్డను బోన్ల నిలవెట్టి, గీ బీడీ నీదా, గా పూట నీ మొగడు ఇంట్ల ఉన్నడా అని అడుగుతవ్. అది అవునంటే మొగడు పోతడు. కాదంటే అబద్ధమాడి బతుకుతది. ఏదన్నా దాన్ని కోసినట్టే." బేడీ ఉన్న చేతిని ఒళ్లో సర్దుకున్నాడు. "దానికి ఇద్దరు పిల్లలు. చిన్నదానికి నాలుగేండ్లు."

"వాడు నీ దోస్తులను సంపిండన్నా. యాకూబు నిన్ను అన్నా అని పిలిచేటోడు."

ఆ మాట తగిలింది. ఎంకయ్య తల దించాడు.

"స్వామిదాసు పోయిన నాడు భీమేష్ పాడె మోసిండు," అన్నాడు. "నా ముందటనే నడిచిండు. వాని భుజం మీద చెయ్యేసి నేనే ధైర్యం చెప్పిన. యాకూబుకు గూడ మట్టి ఏసిండు. నాకు తెల్వలే తమ్మీ. తెలిస్తే యాకూబు అయినా బతుకుతుండె."

"మరి వాణ్ని ఎందుకు కాపాడుతున్నవ్?"

"వాన్ని కాదు."

"నువ్వు జైల్ల ఉంటే ఆ భూమి ఎవ్వలకు పోతది? వానికే గద. వాడు కోరిందే నువ్వు చేస్తున్నవ్."

"నాకు తెల్వదా?" ఎంకయ్య తల ఎత్తాడు. కళ్లలో నీళ్లు లేవు, కోపమూ లేదు. అలసట ఉంది. "చేసేదేమన్న ఉంటే చెప్పు, నేను చేస్త. బిడ్డ బోను ఎక్కకుంట, పిల్లలు ఆగం గాకుంట, వానికి శిక్ష పడాలె. అట్లాంటి దఫా ఏదన్న ఉన్నదా మీ బుక్కుల?"

అట్లాంటి దఫా ఏ బుక్కులోనూ లేదు. బుక్కు రాసినవాళ్లకు బిడ్డలు లేరేమో.

"విమలకు చెప్పకు," అన్నాడు ఎంకయ్య. "నేనే చేసిన్నని అనుకోనియ్యి. మొగని మీద కోపం ఎన్నొద్దులైనా మోయొచ్చు."

ఛార్జిషీటుకు ఇంకా గడువు ఉంది. అనిల తనంతట తానే నోరు తెరిస్తే ఎంకయ్య అడ్డుపడినా ఆగదు. మిగిలిన దారి అదొక్కటే. ఆ ఆదివారం సిద్ధిరాములు యూనిఫాం లేకుండా, భూమక్కను వెంటబెట్టుకొని కామారెడ్డి బస్సెక్కాడు. ఎర్రమడుగు దాటాక భూమక్క కిటికీలోంచి చూపించింది. గుట్ట కింద మోటరు గది లేదు. మూడు వంతుల భూమి మీద ఒకటే జేసీబీ తిరుగుతోంది. సున్నం కొట్టిన హద్దురాళ్లు ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి. స్వామిదాసు కొడుకు దుబాయి నుంచి ఫోన్లోనే సరే అన్నాడట. యాకూబు భార్య భయపడి ఇచ్చేసింది. ఎంకయ్య వంతుకు విమలమ్మ కనపడని కళ్లతో చూపించినచోట వేలిముద్ర వేసింది.

గుమ్మంలో ఎదురొచ్చింది భీమేషే. తెల్ల చొక్కా, మంచి నవ్వు.

"రా మామా. రా అత్తమ్మా. మా మామ గట్ల చేస్తడని కలల గూడ అనుకోలేదు మామా. ఇంట్ల దాని మొఖం చూడలేకపోతున్న. కూసోండ్రి, కూల్‌డ్రింక్ తెస్త." నాలుగేళ్ల పిల్ల అతని కాలు పట్టుకొని వేలాడుతోంది. అతను ఒంగి దాన్ని ఎత్తుకొని ముద్దు పెట్టుకున్నాడు. సిద్ధిరాములుకు అదే భరించరాకుండా ఉంది. రాక్షసుడిలా ఉంటే ఎంత బాగుండు.

అనిల లోపలి గదిలో చాట ముందర కూర్చుంది. "చిన్నమ్మా," అని లేవబోయింది. భూమక్క ఆమె భుజం నొక్కి పక్కనే కూర్చుంది. సిద్ధిరాములు గడప దగ్గరే నిలబడ్డాడు.

చాటలో చుట్టినవి కొంచెమే. పక్కన పారేసిన బీడీల కుప్ప పెద్దది. భూమక్క చాటలోంచి ఒక బీడీ తీసింది. మూతి చూసింది. తిప్పి భర్తకు కనపడేలా పట్టుకుంది.

మడత కుడికి తిరిగి ఉంది. వంకరగా, వదులుగా, కొత్తగా చెయ్యి పట్టినదాని మడత. గోరు నొక్కు లేదు.

"రోజుకు ఎన్ని ఎల్తున్నయి బిడ్డా?"

"నాలుగు వందలు గూడ ఎల్తలేవు చిన్నమ్మా. అందులకేలి సగం కార్ఖానావాడు పారేస్తున్నడు. ఇట్లనే ఉంటే నా పని కార్డు తీసేస్తనన్నడు."

"వెయ్యి చుట్టేదానివి."

"చెయ్యి వస్తలేదు."

"పాత తీరుగనే చుట్టరాదు?"

అనిల చేతిలోని ఆకు చిరిగింది. తల ఎత్తి భూమక్కను చూసింది, ఆ తర్వాత గడపలో నిలబడ్డ సిద్ధిరాములును చూసింది. ఆ కళ్లలో అంతా ఉంది. ఏ రోజు ఎవరు ఏ వేళకు ఇల్లు వదిలారో, ఏ చొక్కా ఎందుకు రెండుసార్లు ఉతికిందో, పేపర్లో బీడీ మాట చదివిన పూట నుంచి తన వేళ్లను తాను ఎట్లా తిట్టుకుందో, అంతా. నోరు మాత్రం, "అది మర్సిపోయిన చిన్నమ్మా," అంది.

సిద్ధిరాములు ఒక అడుగు లోపలికి వేశాడు. "బిడ్డా, మీ నాయిన..."

"నాయిన కబురు పంపిండు," అంది అనిల. చూపు చాటలోకి దించేసింది. "వకీలుతోని. పిల్లలను మంచిగ చదివిపియ్యమన్నడు. ఇంకేం అడగొద్దన్నడు."

వెనక నుంచి భీమేష్ వచ్చాడు. కూల్‌డ్రింక్ గ్లాసులు నేల మీద పెట్టి, కుప్పలోంచి ఒక బీడీ ఏరి నోట్లో పెట్టుకున్నాడు. చొక్కా తడుముకున్నాడు. "మామా, అగ్గిపెట్టె ఉన్నదా?"

సిద్ధిరాములు చెయ్యి జేబు మీదికి పోయింది. అగ్గిపెట్టె అక్కడే ఉంది. ఎడమకు తిరిగిన మడత, పచ్చదారం, లోకంలో మిగిలిన మూడో బీడీ. రికార్డులో లేనిది. మిగతా రెండూ కోర్టు సీలు కింద విమలమ్మ చేతి బీడీలని పేరు పెట్టుకొని ఉన్నాయి.

"లేదు," అన్నాడు.

భీమేష్ వంటింట్లోకి పోయాడు. గదిలో ముగ్గురే మిగిలారు. అనిల ఇంకో ఆకు తీసుకుంది. తంబాకు పోసి చుట్టింది, దారం కట్టింది. మూతి దగ్గరకు వచ్చేసరికి వేళ్లు తమంతట అవే ఎడమకు తిరిగాయి. ఆపుకుంది. కుడికి తిప్పబోయింది. ఆకు విరిగింది. ఇంకొకటి తీసింది. అదీ విరిగింది. అనిల ఏడవలేదు. మూడో ఆకు తీసింది.

భూమక్క చూస్తూ కూర్చుంది. భర్త వైపు ఒకసారి తిరిగింది. అతను ఏదైనా అంటాడేమోనని చూసినట్టుంది. అతని చెయ్యి ఇంకా జేబు మీదే ఉంది.

ఆమె చాటను తన ఒళ్లోకి లాక్కుంది.

"బొటనవేలు కిందికి పెట్టు," అంది. "తొందర పడకు. గిట్ల చూడు. కుడికి, మెల్లగ. గోరు ఆనిచ్చి ఇడిసెయ్యి."